వాట్సన్ నోబెల్ ప్రసంగం చివర ఒక నల్లజాతి స్త్రీ పేరు: సైటేషన్ల లెక్క మనకు చెప్పనిదేమిటి?

1962 డిసెంబర్. స్టాక్‌హోమ్‌లో జేమ్స్ వాట్సన్ నోబెల్ ప్రసంగం చేశాడు. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టినందుకు ఆ ఏడాది ఫ్రాన్సిస్ క్రిక్, మారిస్ విల్కిన్స్‌లతో కలిపి ఆయనకు బహుమతి ఇచ్చారు. కానీ ఆయన ప్రసంగానికి ఎంచుకున్న విషయం వేరు. కణంలో ప్రొటీన్లు తయారు కావడంలో ఆర్ఎన్ఏ పాత్ర ఏమిటన్నది ఆయన వివరించాడు. అచ్చయిన ఆ ప్రసంగం చివర, ఆధారంగా తీసుకున్న పరిశోధనల జాబితా ఉంది. అందులో డేలీ అనే ఇంటిపేరు కనిపిస్తుంది.

ఆమె మేరీ మేనార్డ్ డేలీ. అమెరికాలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ పొందిన తొలి నల్లజాతి మహిళ. జీవరసాయన శాస్త్రవేత్త.

నలభై ఐదేళ్లు గడిచాయి. 2007లో అదే వాట్సన్ ఒక బ్రిటిష్ పత్రికతో మాట్లాడుతూ, ఆఫ్రికన్ల తెలివితేటలు తెల్లవాళ్లతో సమానం కాదన్నట్టు వ్యాఖ్యానించాడు. దుమారం లేచింది. తాను దశాబ్దాలపాటు నడిపిన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లేబొరేటరీలో పదవి వదులుకోవాల్సి వచ్చింది. తన అభిప్రాయం మారలేదని తర్వాత ఒక డాక్యుమెంటరీలో చెప్పడంతో, 2019లో ఆ సంస్థ ఆయనకిచ్చిన గౌరవ హోదాలన్నీ వెనక్కి తీసుకుంది. తన నోబెల్ ప్రసంగానికి ఆధారమైన పనిలో ఒక నల్లజాతి స్త్రీ చెయ్యి ఉందన్న సంగతి ఆయనకు గుర్తుండేదో లేదో. మనం మాత్రం గుర్తు పెట్టుకోవాలి.

ఎందుకంటే ప్రతిభ అనే మాట వినిపించినప్పుడల్లా మన పిల్లల ముందు ఒక అంకె పెడుతున్నారు. ఒకప్పుడు అది ఎంట్రన్స్ ర్యాంకు. యూనివర్సిటీల్లోకి వచ్చాక అది సైటేషన్ల సంఖ్య, హెచ్-ఇండెక్స్. ఆ అంకె ఎలా పుడుతుంది, ఏది లెక్కిస్తుంది, ఏది వదిలేస్తుంది అన్నది మేరీ డేలీ జీవితం చూస్తే బాగా అర్థమవుతుంది.

తండ్రి ఆపేసిన చదువు

మేరీ 1921లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో పుట్టింది. తండ్రి ఐవన్ డేలీ వెస్టిండీస్ నుంచి వలస వచ్చినవాడు. కెమిస్ట్రీ అంటే ప్రాణం. కార్నెల్ యూనివర్సిటీలో సీటొచ్చింది, స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. కానీ ఉండటానికి, తినటానికి డబ్బు చాలలేదు. చదువు మధ్యలో వదిలేసి న్యూయార్క్ తిరిగొచ్చి పోస్టాఫీసులో గుమస్తాగా చేరాడు.

ఈ కథ మనకు కొత్త కాదు. ఫీజు మాఫీ అయినా మెస్ బిల్లు కట్టలేక ఇంటికొచ్చేసిన అన్నలు, బాబాయిలు మన వాడల్లో ఎంతమంది లేరు? సీటు రావడం ఒకటి, చివరిదాకా నిలబడగలగడం ఇంకొకటి. ఐవన్ డేలీ పేరు మీద ఒక్క పరిశోధనా పత్రం లేదు. కాబట్టి ఒక్క సైటేషనూ లేదు. ఏ డేటాబేస్‌లో వెతికినా ఆయన లేడు. తెలివి లేకపోవడం దీనికి కారణం కాదు. పూట గడవకపోవడమే కారణం.

తల్లి హెలెన్ కూతురికి పుస్తకాలు చదివి వినిపించేది. తాతగారింట్లో పెద్ద పుస్తకాల గది ఉండేది. సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసినవాళ్ల కథలతో పాల్ డి క్రైఫ్ రాసిన 'మైక్రోబ్ హంటర్స్' ఆ పిల్లను పట్టేసింది. హంటర్ కాలేజ్ హైస్కూల్‌లో చదువు. తర్వాత అప్పుడే కొత్తగా పెట్టిన క్వీన్స్ కాలేజీ. హాస్టల్ ఖర్చు లేకుండా ఇంటి నుంచే వెళ్లొచ్చేది. 1942లో కెమిస్ట్రీలో డిగ్రీ పూర్తి చేసింది. అదే కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా పార్ట్‌టైమ్ పనిచేస్తూ, ఫెలోషిప్ మీద న్యూయార్క్ యూనివర్సిటీలో ఏడాదిలో మాస్టర్స్ ముగించింది.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మగవాళ్లు యుద్ధానికి వెళ్లారు, ల్యాబుల్లో మనుషుల అవసరం పెరిగింది. మూసి ఉన్న తలుపులు కొంత తెరుచుకున్నాయి. కొలంబియా యూనివర్సిటీలో మేరీ కాల్డ్‌వెల్ అనే మహిళా ప్రొఫెసర్ దగ్గర చేరి 1947లో పీహెచ్‌డీ అందుకుంది.

కొలంబియా అనగానే మనకు బాబాసాహెబ్ గుర్తుకొస్తారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1913లో ఆయన చదవడానికి వెళ్లింది అక్కడికే. ఆ స్కాలర్‌షిప్ గడువు ముగియడంతోనే 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. జీతంలో మిగుల్చుకుని, అప్పు చేసి, 1920లో మళ్లీ వెళ్లి పూర్తి చేశారు. మేరీ డేలీ పీహెచ్‌డీకి ఒక ఏడాది ముందు, 1946లో, అమెరికా నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న విజ్ఞాపన ప్రతి కావాలంటూ అంబేడ్కర్ డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు లేఖ రాశారు. ఇద్దరి బాధ ఒకలాంటిదేనని ఆయనకు తెలుసు.

ఆమె చేసిన పని ఏమిటి?

అన్నం ముద్దను చాలాసేపు నమిలితే నోట్లో తీపి తగులుతుంది. లాలాజలంలో ఉన్న అమైలేజ్ అనే ఎంజైము అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టడమే దానికి కారణం. ఇలాంటి ఎంజైమే క్లోమంలోనూ ఉంటుంది. అది మొక్కజొన్న పిండిపదార్థం మీద పనిచేసినప్పుడు ఏమేం పుడతాయన్నది డేలీ పీహెచ్‌డీ విషయం.

తర్వాత రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆల్‌ఫ్రెడ్ మిర్‌స్కీ దగ్గర పనిచేయాలనుకుంది. ఆయన సరేనన్నాడు, కానీ డబ్బు నువ్వే తెచ్చుకోవాలన్నాడు. ఆ గ్రాంటు వచ్చేదాకా నల్లజాతివారి హోవర్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ నిధులు మంజూరయ్యాక 1948లో మిర్‌స్కీ ల్యాబ్‌లో చేరి ఏడేళ్లు ఉంది.

ఆ ఏడేళ్లు జీవశాస్త్రం మలుపు తిరుగుతున్న రోజులు. ఆమె చేరేనాటికి డీఎన్ఏ ఆకారం ఇంకా తెలియదు. కణం మధ్యలో ఉండే కేంద్రకంలో ఏమేం ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి అని డేలీ బృందం కొలిచింది. వేర్వేరు జీవుల డీఎన్ఏ తీసి అందులోని నాలుగు క్షారాల పాళ్లు లెక్క తేల్చింది. గుర్తు పెట్టిన గ్లైసిన్‌ను వాడి, కణంలో కొత్త ప్రొటీన్ ఎక్కడ, ఎంత వేగంగా తయారవుతోందో వెతికింది. ఈ పనిలోనే ఆర్ఎన్ఏకూ ప్రొటీన్ తయారీకీ సంబంధం ఉందన్న ఆధారాలు దొరికాయి. వాట్సన్ తన ప్రసంగంలో ఆధారం చేసుకున్నది దీన్నే.

ఇంకొకటి హిస్టోన్లు. మన ఒక్కో కణంలో ఉన్న డీఎన్ఏను సాగదీస్తే దాదాపు 2 మీటర్ల పొడవుంటుంది. అది కంటికి కనిపించని కేంద్రకంలో చిక్కు పడకుండా ఎలా ఇముడుతుంది? మగ్గం దగ్గర కండెకు నూలు చుట్టినట్టు, హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. 1950లలో ఈ బొమ్మ ఎవరికీ స్పష్టంగా లేదు. హిస్టోన్లు అన్నీ ఒకటే రకం కావని, కొన్నిటిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉంటుందని డేలీ, మిర్‌స్కీ చూపించారు. ఏ జన్యువు పనిచేయాలి, ఏది నిద్రపోవాలి అనేది హిస్టోన్ల మీద ఎంత ఆధారపడి ఉందో తర్వాతి తరాలకు తెలిసింది. క్యాన్సర్ పరిశోధనలో ఇవాళ అదొక పెద్ద శాఖ.

1955లో డేలీ దారి మార్చింది. డాక్టర్ క్వెంటిన్ డెమింగ్‌తో కలిసి రక్తపోటు, కొలెస్ట్రాల్ రక్తనాళాలను ఎలా దెబ్బతీస్తాయో ఎలుకల మీద అధ్యయనం చేసింది. 1960లో ఇద్దరూ న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీకి మారారు. కండర కణాలు క్రియాటిన్ అనే పదార్థాన్ని ఎలా లోపలికి తీసుకుంటాయన్న పరిశోధన 1980లో అచ్చయింది. అక్కడే నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులను మెడిసిన్‌లోకి తేవడానికి ఆమె కృషి చేసింది. 1971లో అసోసియేట్ ప్రొఫెసర్ అయింది. 1986లో రిటైరైంది. అప్పటికి పీహెచ్‌డీ వచ్చి దాదాపు నలభై ఏళ్లు.

సైటేషన్ అంటే?

ఒక శాస్త్రవేత్త తన పత్రంలో ఫలానా వాళ్లు ఫలానా చోట రాసింది నేను ఆధారం చేసుకున్నాను అని చెప్పడమే సైటేషన్. అది అప్పు ఒప్పుకోవడం లాంటిది. ఎవరి దగ్గర ఎంతమంది అప్పు తీసుకున్నారో లెక్కిస్తే ఎవరి పని ఎంత ఉపయోగపడిందో తెలుస్తుందన్నది ఆలోచన. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' మొదలుపెట్టాడు. ఒక పరిశోధన తర్వాత ఎటు పాకిందో వెతుక్కోవడానికి అదొక మంచి పనిముట్టు. తర్వాత తర్వాత అది మనుషుల్ని తూచే తక్కెడ అయింది.

ఈ తక్కెడలో ఉన్న లోపాలు నాలుగు చెప్తాం.

మొదటిది, పేర్ల వరస. అచ్చు పుస్తకంగా వచ్చిన రోజుల్లో ఆ ఇండెక్స్‌లో సైటేషన్లను మొదటి రచయిత పేరు కిందే వేసేవారు. ప్రొటీన్ల తయారీ మీద డేలీ భాగస్వామ్యంతో వచ్చిన 1953 నాటి పత్రంలో పేర్ల వరస ఆల్‌ఫ్రే, డేలీ, మిర్‌స్కీ. మధ్యలో ఉన్న పేరు కింద ఆ పత్రం లెక్క కనపడదు. పేజీల్లో రాసేటప్పుడు 'ఆల్‌ఫ్రే తదితరులు' అంటారు. తదితరుల్లో ఎవరున్నారో ఎవరూ అడగరు. 'తదితరులు' అనే మాటలో కలిసిపోవడం మనకు బాగా అలవాటైన అనుభవమే.

రెండోది, ఉపయోగం వేరు, గొప్పతనం వేరు. ప్రపంచంలో అత్యధికంగా సైట్ అయిన పత్రం 1951లో ఆలివర్ లౌరీ అనే జీవరసాయన శాస్త్రవేత్త బృందం రాసింది. ఒక ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. 2014లో 'నేచర్' పత్రిక లెక్క తీస్తే 3 లక్షలకు పైగా సైటేషన్లు తేలాయి. డీఎన్ఏ జంట మెలిక గురించి వాట్సన్, క్రిక్ 1953లో రాసిన పత్రం మొదటి వందలో కూడా లేదు. లౌరీ పత్రం అందరి బల్ల మీదా ఉండే కొలపాత్ర. కొలపాత్ర అందరికీ కావాలి. అంతమాత్రాన అది శాస్త్రంలో అన్నిటికన్నా గొప్ప ఆవిష్కరణ కాదు. ఆ మాట లౌరీ కూడా ఒప్పుకున్నాడు. లౌరీతో పాటు ఆ పత్రం రాసిన నీరా రోజ్‌బ్రో, లూయిస్ ఫార్, రోజ్ రాండల్‌ల పేర్లు ఎంతమందికి తెలుసు? అందరూ దాన్ని 'లౌరీ పద్ధతి' అంటారు.

మూడోది, ఉన్నవాడికే ఇంకా పెట్టడం. పేరున్న వాళ్లకే మరింత పేరు వస్తుందని, చిన్నవాళ్ల పని కూడా పెద్దవాళ్ల ఖాతాలో పడుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో రాశాడు. దానికి 'మాథ్యూ ఎఫెక్ట్' అని పేరు పెట్టాడు. విచిత్రమేమిటంటే, ఆ వ్యాసానికి వాడుకున్న ఇంటర్వ్యూలు చేసింది హారియెట్ జుకర్‌మన్. ఆమె పేరు రచయితగా లేదు. ఆ వ్యాసం ఇద్దరి పేరు మీదా రావాల్సిందని తర్వాత మెర్టన్ స్వయంగా రాశాడు. అన్యాయాన్ని వివరించే వ్యాసంలోనే ఆ అన్యాయం జరిగింది.

నాలుగోది, బాగా ఇమిడిపోయిన పని లెక్కలోంచి మాయమవుతుంది. ఒక విషయం పాఠ్యపుస్తకంలోకి వెళ్లాక దాన్ని ఎవరు కనిపెట్టారో ఎవరూ సైట్ చేయరు. హిస్టోన్ల గురించి ఇవాళ ఇంటర్ పిల్లలు కూడా చదువుతారు. డేలీ పేరు అక్కడ ఉండదు. పునాదిరాయి నేల కింద ఉంటుంది కదా, కనిపించదు. అందుకని అది గోడను మోయడం లేదని అంటామా?

2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ తెచ్చాడు. కనీసం పదేసి సైటేషన్లున్న పత్రాలు పది ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 10. చూడటానికి సూటిగా ఉంది. కానీ మొదటి గ్రాంటు కోసం ఎన్నాళ్లు వేచి చూశారు, ఎన్ని క్లాసులు చెప్పుకుంటూ పరిశోధన చేశారు, ఎంతమంది విద్యార్థులను నిలబెట్టారు అన్నది ఆ అంకెలో ఎక్కడా లేదు. డేలీ హోవర్డ్‌లో పాఠాలు చెబుతూ గ్రాంటు కోసం ఎదురుచూసిన కాలం ఏ ఇండెక్స్‌లోనూ పడలేదు.

అంకెలు సమానమైనా

సరే, ఇవన్నీ దాటి అంకెలు సమానం చేసుకున్నారనుకుందాం. అప్పుడు న్యాయం జరుగుతుందా? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఇచ్చే పరిశోధన నిధుల మీద 2011లో డోనా గింథర్ బృందం 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. చదువు, శిక్షణ, అంతకుముందు వచ్చిన గ్రాంట్లు, ప్రచురణల రికార్డు అన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా తెల్లవారితో పోలిస్తే నల్లజాతి శాస్త్రవేత్తలకు నిధులు దక్కే అవకాశం 10 శాతం పాయింట్లు తక్కువగా తేలింది. నిధులు లేకపోతే ప్రయోగం లేదు. ప్రయోగం లేకపోతే పత్రం లేదు, సైటేషన్ లేదు. ఆ తర్వాత సైటేషన్లు లేవు కాబట్టి నిధులు ఇవ్వలేమంటారు.

ఈ వలయాన్ని డేలీ తరం ఎప్పుడో చూసింది. అల్పసంఖ్యాక వర్గాల మహిళా శాస్త్రవేత్తలు ముప్పై మంది 1975లో సమావేశమై తమ అనుభవాలు పంచుకున్నారు. డేలీ వారిలో ఒకరు. ఆ చర్చలతో మరుసటి ఏడాది వచ్చిన నివేదిక పేరు 'ది డబుల్ బైండ్'. అంటే రెండు ముడులు. ఒకటి జాతి, ఒకటి స్త్రీ కావడం. మన దగ్గర దళిత స్త్రీకి ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ మన లెక్క

2010లో యూజీసీ ఏపీఐ పాయింట్ల పద్ధతి తెచ్చాక మన యూనివర్సిటీల్లో కూడా పత్రాల లెక్క ఉద్యోగాలకు, ప్రమోషన్లకు ముడిపడింది. 2016 నుంచి వస్తున్న ఎన్ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ప్రచురణలకు, సైటేషన్లకు మార్కులున్నాయి. ఇంకోపక్క రిజర్వుడు పోస్టుకు ఇంటర్వ్యూ జరుగుతుంది, 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని రాసేస్తారు. తగినవాళ్లు దొరకలేదట. అడిగితే అంకె చూపిస్తారు.

ఆ అంకె వెనక ఏముందో చూద్దాం. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో 2016 జనవరి 17న మనం కోల్పోయిన రోహిత్ వేముల, కార్ల్ సాగన్ లాంటి సైన్స్ రచయిత కావాలని కలగన్నవాడు. తన చివరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు తనకు రావాల్సి ఉందని రాశాడు. రోహిత్ రాయని పుస్తకాలను ఏ ఇండెక్స్ లెక్కిస్తుంది?

2025లో విదేశీ విద్య కోసం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, ముందు 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలు ఇచ్చారు. మిగిలినవాళ్లకు నిధుల లభ్యతను బట్టి అన్నారు. యూనివర్సిటీ సీటు నిధుల లభ్యత కోసం ఆగదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడి కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేయడం మన రెండు రాష్ట్రాల్లో ఏ వాడలో అడిగినా చెప్తారు. ఇవి ఐవన్ డేలీ కథలే. వందేళ్ల తర్వాత, ఇక్కడ.

సైటేషన్లు అబద్ధమని మేం అనడం లేదు. ఎవరి పనిని ఎవరు వాడుకున్నారో చెప్పే రికార్డు అది. ఆ రికార్డు లేకపోతే వాట్సన్ ప్రసంగం అడుగున డేలీ పేరు మనకు దొరికేదే కాదు. మన వాళ్ల పనిని మనం సైట్ చేయడం కూడా అందుకే ముఖ్యం. థీసిస్ రాస్తున్న ప్రతి విద్యార్థీ తన జాబితాలో దళిత, ఆదివాసీ పరిశోధకులు ఉన్నారా అని ఒకసారి చూసుకోవాలి. కానీ ఆ రికార్డునే మనిషి విలువగా చూపించి తలుపు మూస్తే మాత్రం ఒప్పుకోకూడదు. రెండు ప్రశ్నలు గట్టిగా అడగాలి. ఫెలోషిప్ ఏ నెలది ఆ నెల వచ్చిందా? తగినవాళ్లు లేరని రాసిన కమిటీ, ఏ కొలతతో అలా తేల్చిందో రాతపూర్వకంగా చెప్పగలదా?

మేరీ డేలీ 2003లో చనిపోయింది. 2016లో క్వీన్స్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలకు ఆమె పేరు పెట్టారు. అంతకన్నా ముఖ్యమైన పని ఆమే చేసి వెళ్లింది. రిటైరైన రెండేళ్లకు, 1988లో, తాను చదివిన క్వీన్స్ కాలేజీలో కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివే నల్లజాతి విద్యార్థుల కోసం ఒక స్కాలర్‌షిప్ పెట్టింది. తన పేరు మీద కాదు. అన్నం ఖర్చుకు డబ్బుల్లేక కార్నెల్ వదిలి వచ్చిన పోస్టాఫీసు గుమస్తా, తన తండ్రి ఐవన్ డేలీ జ్ఞాపకార్థం.